ఓడతోపాటు మునిగిన కెప్టెన్ ముల్లాది సాహసమా, ఆచారమా?

సముద్రతీరం: 1971 డిసెంబరు 9 రాత్రి డయ్యూ తీరానికి దూరంగా పాకిస్థాన్ జలాంతర్గామి హంగోర్ వదిలిన టార్పెడో తగిలి, మన యుద్ధనౌక ఐఎన్‌ఎస్ ఖుక్రీ కొద్ది నిమిషాల్లోనే మునిగిపోయింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు చనిపోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా తన లైఫ్‌జాకెట్‌ను ఒక నావికుడికి ఇచ్చేసి ఓడలోనే ఉండిపోయారు. ఆయనకు మరణానంతరం మహావీర చక్ర ప్రకటించారు. బయటపడే వీలున్నా ఉండిపోవడం సాహసమా, లేక కెప్టెన్ ఓడతోపాటే మునగాలంటూ బ్రిటిష్ నౌకాదళం వదిలిపెట్టి వెళ్లిన ఆచారమా? యుద్ధం మరో వారం సాగింది. అంత అనుభవమున్న అధికారి బతికి ఉంటే దేశానికే మేలు కాదా?

పాతపుస్తకం: ఆచారమని తేలిగ్గా తీసిపారేశారు. అడుగు అంతస్తుల్లో మనుషులు చిక్కుకుపోయి ఉండగా, వాళ్లందరికీ బాధ్యుడైన మనిషి నీళ్లలోకి దూకి ప్రాణం దక్కించుకుంటే, మర్నాడు ఆ ఇళ్లకు ఏమని ఉత్తరం రాస్తాడు? ఆ ఉత్తరం రాయలేకే ఆయన ఉండిపోయారని నేను అనుకుంటాను.

రాము_కాకినాడ: వీరులను ప్రశ్నించకూడదు. జై హింద్.

సముద్రతీరం: ప్రశ్నించకపోతే ఇది చర్చా వేదిక ఎందుకవుతుంది, రాము గారూ? పాతపుస్తకం గారు రెండు విషయాలను కలిపేస్తున్నారు. లైఫ్‌జాకెట్ ఇచ్చేయడం త్యాగమే, కాదనను. ఓడ దిగకపోవడం మాత్రం వేరే నిర్ణయం. జాకెట్ లేకుండా ఈదకూడదని ఎక్కడా లేదు.

పాతపుస్తకం: రాత్రి చీకట్లో, నూనె తేలుతున్న సముద్రంలో, మునిగే ఓడ లాగేస్తుండగా ఈదడం గురించి ఇంట్లో కూర్చుని రాయడం సులువే.

బాయిలర్‌గది: మీరిద్దరూ నిన్నటి నుంచి ఆ జాకెట్ దగ్గరే ఆగిపోయారు. దాన్ని అందుకున్న నావికుడి గురించి ఒక్క మాటైనా అడిగారా? మా నాన్నగారు నౌకాదళంలో ఇరవై రెండేళ్లు బాయిలర్ల దగ్గరే పనిచేశారు. ఆ మోతకు చెవులు పోయాయి. ఎదుటివారికి వినబడదేమోనని కంచం ముందు కూర్చుని కూడా కేకలేసి మాట్లాడేవారు. వైకల్య పింఛను కోసం ఒక కార్యాలయం చుట్టూ తొమ్మిదేళ్లు తిరిగాం. ప్రతిసారీ వేరే కాగితం అడిగారు. ఓడను నడిపించే బ్రిడ్జి మీద నిలబడ్డవారికి కథలు, కింద నిలబడ్డవారికి కాగితాలు.

సముద్రతీరం: మీ బాధ అర్థమైంది, కానీ పింఛనుకూ ఖుక్రీకీ సంబంధం ఏమిటి?

బాయిలర్‌గది: సంబంధం లేదా? ముల్లా గారికి ఇచ్చిన పతకమే అదే యుద్ధంలో చిమన్ సింగ్ యాదవ్‌కూ ఇచ్చారు. లీడింగ్ సీమన్ ఆయన, అధికారి కాదు. 1971లో నౌకాదళానికి దక్కిన మహావీర చక్రలలో నావికుడికి వచ్చింది అదొక్కటే. ఖుక్రీ మునిగిన మర్నాడు, డిసెంబరు 10న, తూర్పు పాకిస్థాన్‌లోని ఖుల్నా దగ్గర, మన పక్షాన పోరాడుతున్న బంగ్లా విముక్తి దళం ముక్తివాహిని పడవల మీద మన విమానాలే పొరపాటున దాడి చేశాయి. ఒంట్లో బాంబు ముక్కలు దిగబడి ఉన్నా, నీళ్లలో తేలలేకపోతున్న ఇద్దరిని ఆయన ఒడ్డుకు చేర్చారు. ఒడ్డున శత్రువులు కాల్పులు జరుపుతుంటే, ఆ ఇద్దరూ తప్పించుకోవడానికి ఎదురెళ్లి పట్టుబడ్డారు. బంగ్లాదేశ్ విముక్తి తర్వాతే బయటికి వచ్చారు. మీరు సాహసం గురించి ఇంత రాశారు, ఆయన పేరు ఒక్కసారైనా వచ్చిందా?

పాతపుస్తకం: ఒకరిని పొగడాలంటే ఇంకొకరిని తగ్గించాలా? ముల్లా గారి జాకెట్ దక్కింది నావికుడికే కదా.

బాయిలర్‌గది: తగ్గించలేదు. చచ్చిపోయిన అధికారిని గుర్తుపెట్టుకున్నంత తేలికగా, బతికొచ్చిన నావికుడిని గుర్తుపెట్టుకోరని అంటున్నాను.

సముద్రతీరం: సరే, దాచకుండా చెబుతాను. నా కోపం ముల్లా గారి మీద కాదు. జలాంతర్గాములను శబ్దంతో పసిగట్టే కొత్త సోనార్ పరికరాన్ని పరీక్షించడానికి ఖుక్రీ ఆ రాత్రి వేగం తగ్గించుకుని వెళుతోందని నౌకాదళ చరిత్రలోనే రాశారు. పొంచి ఉన్న జలాంతర్గామికి నెమ్మదిగా కదిలే ఓడ కన్నా మంచి గురి ఏముంటుంది? ఆ మాట ఎత్తితే చాలు, లైఫ్‌జాకెట్ కథ చెప్పి నోరు మూయిస్తారు.

పాతపుస్తకం: ఆ ప్రశ్నే మొదట అడిగి ఉంటే నేనూ మీ పక్కనే ఉండేవాణ్ని. ఆచారమని ఎందుకు మొదలుపెట్టారు?

సముద్రతీరం: శీర్షిక మార్చను. చిమన్ సింగ్ గురించి వేరే చర్చ తెరవండి, అక్కడ రాస్తాను.

బాయిలర్‌గది: వేరేది ఎందుకండీ? ఇది ఆ చర్చే.