చర్చ: స్టూడెంట్ మెంటర్‌గా వేశారు, గ్రూపులో ఎవరూ నోరు విప్పట్లేదు. మీరేం చేశారు?

కొత్త_మెంటర్
ఈ ఏడాది నన్ను ఫస్టియర్ వాళ్లకి మెంటర్‌గా వేశారు. ఎనిమిది మంది, వారానికో గంట. ట్రైనింగ్ అని ఒక పూట కూర్చోబెట్టి స్లైడ్లు చూపించారు. యాక్టివ్ లిజనింగ్, ఎంపతీ, ఓపెన్ క్వశ్చన్స్ అని పెద్ద అక్షరాలతో ఉన్నాయి గానీ గదిలోకి వెళ్లాక ఏం మాట్లాడాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఎవరూ మాట్లాడకపోతే ఏం చేయాలి, ఒక్కడే గంటంతా మాట్లాడితే నొప్పించకుండా ఎలా ఆపాలి, వాళ్లు చెప్పేవి నోట్స్ రాసుకోవచ్చా, సొంత విషయాలు చెప్తే ఎంతవరకు వినాలి, ఇదంతా నేర్చుకోడానికి కోర్సు లాంటిదేమైనా ఉందా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి ప్లీజ్, రేపటి సెషన్ తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది.

చివరి_బెంచీ
"డౌట్లున్నాయా" అని అడగడం ముందు మానేయండి. దానికి ఎక్కడైనా ఒకటే జవాబు, లేవు. "అర్థమైందా" అన్నా అంతే, తలలూపుతారు. "ఈ చాప్టర్లో నిన్ను బాగా విసిగించిన పేజీ ఏది" అనండి, పేజీ నంబరుతో సహా చెప్తారు. నా గ్రూపు నోరు తెరిచింది ఈ ఒక్క ప్రశ్నతోనే. ఇంకోటి, ప్రశ్న వేశాక ఊరుకోండి. నిజంగా ఊరుకోండి. చాలామంది మెంటర్లు ప్రశ్న అడిగి, ఒక్క క్షణం ఆగి, భయమేసి తామే జవాబు చెప్పేసి "చూశారా ఎంత ఈజీయో" అంటారు. ఇంక వాళ్లెందుకు మాట్లాడతారు?

లెక్కల_పురుగు
చివరి బెంచీ అన్నదానికి ఆధారం కూడా ఉంది. మేరీ బడ్ రో అని ఒకావిడ క్లాసురూముల్లో టేపు రికార్డర్లు పెట్టి గమనిస్తే, టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక సెకను మించి ఆగట్లేదని తేలింది. 1970లలో అచ్చయిన పరిశోధన. అదే మూడు సెకన్లకి పెంచితే జవాబులు పొడుగయ్యాయి, మామూలుగా మాట్లాడనివాళ్లు కూడా మాట్లాడారు. ఇందులో అందరూ వదిలేసే సంగతి ఒకటుంది. ఆవిడ ఆగమన్నది రెండు చోట్ల. ప్రశ్న తర్వాత ఒకసారి, ఎదుటివాళ్లు జవాబు చెప్పాక మళ్లీ ఒకసారి. ఆ రెండోదే కష్టం. వాళ్ల వాక్యం పూర్తయీ కాకముందే "గుడ్, వెరీ గుడ్" అంటూ మీద పడితే మిగతా సగం వాళ్ల లోపలే ఉండిపోతుంది.

మైకు_మాస్టారు
అందరికీ నమస్కారం. ఏళ్ల తరబడి సాఫ్ట్ స్కిల్స్ ట్రైనింగ్ ఇస్తున్నవాణ్ణి, వేలమందికి నేర్పాను కాబట్టి చెప్తున్నాను, ఈ సెకన్ల లెక్కలు పక్కన పెట్టండి. కమ్యూనికేషన్‌లో మాటల వాటా 7 శాతమే. గొంతు 38, బాడీ లాంగ్వేజ్ 55. సైంటిఫిక్‌గా రుజువైన విషయం ఇది. బాబూ కొత్త మెంటర్, నువ్వేం అడిగావన్నది కాదు, ఎలా నిల్చున్నావన్నది ముఖ్యం. భుజాలు వెనక్కి, అరచేతులు కనబడేలా, ఒక్కొక్కళ్ల కళ్లలో కళ్లు పెట్టి చూడు. గ్రూపు నీ చేతిలో ఉంటుంది.

లెక్కల_పురుగు
అయ్యా, రుజువైంది అది కాదు. ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే సైకాలజిస్టు 1967లో సహపరిశోధకులతో అచ్చువేసిన రెండు చిన్న అధ్యయనాల్లోంచి వచ్చిన అంకెలవి. వినేవాళ్లకి టేపు మీద ఒక్కొక్క పదం వినిపించారు, ఒకదాంట్లో ముఖాల ఫొటోలు కూడా చూపించారు. మాట్లాడే మనిషికి ఎదుటివాళ్ల మీద ఇష్టం ఉందా లేదా చెప్పమన్నారు. పదం ఒకటి చెప్తూ గొంతు ఇంకోటి చెప్తుంటే జనం దేన్ని నమ్ముతారు, అదీ అక్కడి ప్రశ్న. ఇష్టాయిష్టాలూ భావాలూ కాకుండా వేరే సంగతులు మాట్లాడేటప్పుడు ఆ లెక్క వర్తించదని ఆయనే స్పష్టంగా చెప్పాడు. మీరు మీ పోస్టు మొత్తం అక్షరాల్లోనే రాశారు కదా, మాకు 7 శాతమే అందిందా మరి?

మైకు_మాస్టారు
నాలుగు పేరాలు చదివి ఫీల్డులో ఉన్నవాళ్లకి పాఠాలు చెప్పడం ఈ రోజుల్లో ఫ్యాషనైపోయింది. స్టేజీ ఎక్కి మైకు పట్టుకుంటే తెలుస్తుంది.

లెక్కల_పురుగు
ఎనిమిది మందితో కూర్చోడానికి మైకెందుకండీ?

చివరి_బెంచీ
😂😂

మౌనం_నాది
అంకెల సంగతి మీరిద్దరూ తేల్చుకోండి, నాకు అభ్యంతరం ఆ కళ్లలో కళ్లు పెట్టి చూడమన్నదాని మీద. నాలాంటి వాళ్లని అలా చూస్తూ ప్రశ్న వేస్తే ఉన్న జవాబు కూడా ఎగిరిపోతుంది. మాట్లాడనివాళ్లకి చెప్పడానికేమీ లేదని, సిగ్గని, ఇంట్రెస్టు లేదని మీరే తీర్మానించేస్తారు. ఎనిమిది మంది ముందు గట్టిగా చెప్పే ముందు నాలుగు మాటలు పేర్చుకోడానికి టైము కావాలి, అంతే. మా మెంటర్ అక్క ప్రతిసారీ ముందు ఒక కాగితం మీద రాసుకోమనేది, తర్వాత పక్కవాళ్లతో చెప్పుకోమనేది, ఆ తర్వాతే అందరిలో. అదీ "మీ ఇద్దరూ ఏమనుకున్నారు" అని అడిగేది. నా జవాబు తప్పయితే ఆ తప్పు మా ఇద్దరిదీ, అందుకే ధైర్యంగా చెప్పేదాన్ని. థింక్-పెయిర్-షేర్ అంటారట, ఫ్రాంక్ లైమన్ 1981లో రాసిన పద్ధతి. పేరు ఏదైనా నా మొదటి ఏడాది దాని వల్లే గడిచింది.

జూనియర్ని_నేనే
మెంటర్లందరూ ఒకళ్ల వీపు ఒకళ్లు తట్టుకుంటున్నారు, ఇటువైపు నుంచి కూడా వినండి. ఫెసిలిటేషన్, అంటే తను చెప్పకుండా గ్రూపు చేతే మాట్లాడించడం, నేర్చుకున్న మెంటర్ మాకొకాయన ఉన్నాడు. ఏం అడిగినా "నువ్వేమనుకుంటున్నావ్?" ల్యాబ్ రికార్డు ఎప్పుడు ఇవ్వాలి అన్నాం. "మీ గ్రూపు ఏమనుకుంటోంది?" గ్రూపు ఏమనుకుంటే ఏంటి, తేదీ తేదీయే కదా! పైగా నేను చెప్పిన ప్రతి మాటా తిరిగి నాకే అప్పజెప్పేవాడు. "నాకు ఆ సబ్జెక్టంటే భయం" అంటే "అంటే నీకు ఆ సబ్జెక్టంటే భయం అంటావ్." అవును, ఇప్పుడే కదా చెప్పాను! రెండు వారాల తర్వాత వెళ్లడం మానేశాం.

సాయంత్రం_బ్యాచ్
అది నేర్చుకున్నవాడి పని కాదు, సగం నేర్చుకున్నవాడి పని. ప్రశ్నని గ్రూపు వైపు తిప్పడం అసలు ఎక్కడి పద్ధతో చెప్తాను. 1973లో యూనివర్సిటీ ఆఫ్ మిస్సోరి-కాన్సస్ సిటీలో సప్లిమెంటల్ ఇన్‌స్ట్రక్షన్ అని మొదలుపెట్టారు. వెనకబడినవాళ్లని ఏరి పక్కన కూర్చోబెట్టరు, ఎక్కువమంది తప్పే సబ్జెక్టుని ఏరతారు. అది బాగా పాసైన సీనియర్ మళ్లీ ఆ క్లాసులో కూర్చుని నోట్స్ రాసుకుంటాడు, బయట సెషన్ పెడతాడు, కానీ పాఠం మాత్రం మళ్లీ చెప్పడు. ప్రశ్న వస్తే "దీనికి సంబంధించింది నోట్సులో ఎక్కడుందో ఎవరైనా చూడండి" అంటాడు. గ్రూపు కలిసి వెతుకుతుంది. నేను నడిపేవి ఇలాంటి సెషన్లే, లెక్కలకీ ఫిజిక్సుకీ బ్రహ్మాండంగా పనికొస్తుంది. తేదీలకీ ఫారాలకీ కాదు. తెలిసిన సమాచారం అడిగితే వెంటనే చెప్పేయాలి, ఆలోచించాల్సినదైతేనే తిప్పాలి.

జూనియర్ని_నేనే
మరి ఆ తేడా ట్రైనింగులో చెప్పరెందుకు? మేం ప్రయోగశాల ఎలుకలమా?

సాయంత్రం_బ్యాచ్
నా మీద అరుస్తావేంటి బ్రో, నీ మెంటర్ని నేను కాదు. తిరిగి అప్పజెప్పడం గురించి కూడా ఒక మాట. విన్న పదాలే మళ్లీ పలికితే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. కార్ల్ రోజర్స్, రిచర్డ్ ఫార్సన్ అనే సైకాలజిస్టులు 1957లో యాక్టివ్ లిజనింగ్ గురించి రాసినప్పుడు చెప్పింది మాట వెనక ఉన్న భావాన్ని కూడా పట్టుకోమని. "భయం" అన్నప్పుడు "పరీక్షంటేనా, లేక క్లాసులో లేపి అడుగుతారనా" అంటే సంభాషణ ఒక అడుగు ముందుకెళ్తుంది. నీ ఊహ తప్పైనా ఫర్వాలేదు, "కాదు, అసలు సంగతేంటంటే" అని వాళ్లే సరిదిద్దుతారు.

వాగుడుకాయ
ఆ "ఒక్కడే గంటంతా మాట్లాడేవాడు" ఉన్నాడే, అది నేనే, ప్రతి గ్రూపులోనూ 🙋 మమ్మల్ని ఆపాలంటున్నారు సరే, ఎందుకు మాట్లాడతామో ఎవరైనా అడిగారా? గదిలో ఎనిమిది మంది నేల చూపులు చూస్తుంటే, మెంటర్ ముఖం పాలిపోతుంటే, జాలేసి మాట్లాడతాం! నన్ను బాగా వాడుకున్నది ఒక్క మెంటరే. మార్కరు చేతికిచ్చి "మిగతావాళ్లు చెప్పింది బోర్డు మీద నువ్వు రాయి" అన్నాడు. రాస్తూ మాట్లాడలేను కదా. పైగా అందరి మాటా వినాల్సొచ్చింది.

చివరి_బెంచీ
మార్కర్ ఐడియా సూపర్. నేనైతే అలాంటివాళ్లని ఎదురుగా కాకుండా నా పక్క కుర్చీలో కూర్చోబెడతాను. నా చూపు వాళ్ల మీద పడదు, అక్కడికే సగం తగ్గుతుంది. మిగతా సగానికి "నువ్వన్నది రాసుకున్నాను, ఇంతవరకు మాట్లాడనివాళ్ల దగ్గర ఒకటి విందాం" అంటే చాలు. అందరిలో "నువ్వాగు" అంటే మాత్రం ఆ రోజు నుంచి వాడూ మాట్లాడడు, అది చూసిన మిగతావాళ్లూ మాట్లాడరు.

మైకు_మాస్టారు
ఇవన్నీ చిట్కా వైద్యాలు. గ్రూపు డైనమిక్స్ తెలియాలి. ప్రతి గ్రూపూ ఫార్మింగ్ (కలవడం), స్టార్మింగ్ (గొడవపడటం), నార్మింగ్ (సర్దుకోవడం), పెర్ఫార్మింగ్ (కలిసి పనిచేయడం) అనే నాలుగు దశలు దాటి తీరాలి. గొడవ రాకపోతే ఆ గ్రూపు ఎదగలేదని అర్థం. నేనైతే కావాలని ఒక గొడవ పెట్టిస్తాను.

లెక్కల_పురుగు
ఆ దశలు చెప్పింది బ్రూస్ టక్‌మన్ అనే సైకాలజిస్టు, 1965లో. అంతకుముందు అచ్చయిన వ్యాసాలు చదివి తీసిన సారాంశం, వాటిలో చాలావరకు థెరపీ గ్రూపుల మీదవి. 1977లో ఐదో దశ కూడా కలిపారు, గ్రూపు విడిపోవడం. జరిగేదాన్ని వర్ణించాడాయన, గొడవలు పెట్టించమని ఎక్కడా అనలేదు.

మైకు_మాస్టారు
ఏం చెప్పినా అడ్డం పడటమే నీ పనా? నీ వయసెంత అసలు?

లెక్కల_పురుగు
1965కీ నా వయసుకీ సంబంధం ఏంటో చెప్తే వయసు చెప్తాను.

చర్చ_పెద్ద
మాస్టారూ, పురుగు గారూ, ఇంకో వ్యక్తిగత మాట వస్తే ఇద్దరి పోస్టులూ తీసేస్తాను. అడిగిన ప్రశ్నల్లో సగానికి ఇంకా జవాబు రాలేదు.

వెన్నెల_పిట్ట
నోట్సు, సొంత విషయాలు, ఈ రెండూ అందరూ దాటేశారు, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనవి ఇవే. కౌన్సెలింగ్ విభాగంలో పనిచేస్తాను కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తున్నాను. "ఎవరికీ చెప్పనని మాటివ్వు, అప్పుడు చెప్తా" అని ఏదో ఒక రోజు ఎవరో ఒకరు అంటారు. ఆ మాట ఇవ్వకండి. "నువ్వు చెప్పింది మనిద్దరి మధ్యే ఉంటుంది, కానీ నీకో ఇంకొకరికో ప్రమాదం ఉందనిపిస్తే మాత్రం సాయం చేయగలవాళ్లకి చెప్తాను, ముందు నీతో చెప్పే చెప్తాను" అని మొదటి సెషన్లోనే అందరికీ చెప్పేయాలి. కష్టం బయటపడ్డాక చెప్తే మోసపోయినట్టు అనిపిస్తుంది. ఇంకా, బతకాలని లేదన్నట్టు ఎవరైనా మాట్లాడితే మాట మార్చకండి. చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అని సూటిగానే అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందన్నది అపోహ. అవునంటే ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా, అప్పటికప్పుడే కౌన్సెలర్‌నో బాధ్యత ఉన్న పెద్దవాళ్లనో కలిపించండి. రేపు చూద్దాం అనుకోవద్దు. అక్కడితో మెంటర్ పని అయిపోయిందని కాదు, కానీ వైద్యం మీ పని కాదు. నోట్సులో ఎప్పుడు కలిశారు, ఏం చేద్దామనుకున్నారు, అంతవరకే రాయండి. ఎవరింట్లో ఏం గొడవో ఫోన్లో టైపు చేసి పెట్టుకోవద్దు, అది ఎవరి కంటైనా పడొచ్చు.

కొత్త_మెంటర్
వెన్నెల పిట్ట గారూ, చాలా థాంక్స్ అండీ. మా ట్రైనింగులో "గోప్యత పాటించండి" అని ఒక్క లైను ఉంది, అంతే. ఎవరి దగ్గరికి పంపాలో పేరూ నంబరూ రేపే కనుక్కుంటాను. కోర్సు సంగతి?

సాయంత్రం_బ్యాచ్
కోర్సులు బోలెడు, అన్నిట్లో వీడియోలే. మీ గ్రూపు ఒప్పుకుంటే ఒక సెషన్ ఆడియో రికార్డు చేసి, మీరెన్ని నిమిషాలు మాట్లాడారో లెక్కపెట్టుకుని, విన్నాక చెరిపేయండి. సగం కంటే ఎక్కువ మీ గొంతే ఉంటే ఇంకే కోర్సూ అక్కర్లేదు, ఏం తగ్గించాలో తెలిసిపోయింది. ఇంకో మెంటర్ని వెనక కూర్చోబెట్టి ఎవరెవరు మాట్లాడారో గీతలు గీయమన్నా సరిపోతుంది.

మౌనం_నాది
రికార్డింగా? రికార్డు చేస్తున్నారంటే నేనైతే ఆ రోజు ఒక్క ముక్క కూడా మాట్లాడను. ఎనిమిది మందిలో నాలాంటిది ఒక్కతి ఉన్నా చేయకండి.

వాగుడుకాయ
నేనైతే ఇంకా ఎక్కువ మాట్లాడతా 😄

ఆన్‌లైన్_కష్టాలు
మీకు కనీసం ముఖాలైనా కనబడుతున్నాయి. మా మెంటరింగ్ అంతా వీడియో కాల్‌లో. కెమెరాలు ఆఫ్, మైకులు మ్యూట్, ఎనిమిది నల్ల పెట్టెలకి నేను మాట్లాడుతుంటాను. అక్కడ మూడు సెకన్లు ఆగితే నెట్ పోయిందనుకుని "హలో, వినబడుతోందా" అంటారు. దీనికేం చేస్తారు?

చివరి_బెంచీ
ప్రశ్న వేసి జవాబు చాట్‌లో టైపు చేయమనండి, కానీ నేను ఒకటీ రెండూ మూడూ అనేదాకా పంపొద్దనండి. అందరివీ ఒకేసారి పడతాయి, ముందు ఎవరు పెట్టారన్న గోల ఉండదు. కెమెరా జోలికి పోవద్దు.

మైకు_మాస్టారు
కెమెరా ఆన్ చేయించాల్సిందే. 55 శాతం అక్కడే ఉంది.