ఇంట్లో తెరుచుకుంటోంది, గాజువాకలో తెరుచుకోవట్లేదు: సబ్‌డొమైన్ల గోల

ఉప్పుగాలి (రాత్రి 11:48)
ఎవరైనా కాస్త చూడండి బాబూ. ఎనిమిదింటి నుంచి దీని మీదే కూర్చున్నాను, అన్నం టేబుల్ మీదే చల్లారిపోయింది. బ్లాగ్‌స్పాట్‌లో పన్నెండేళ్లుగా రాసినవన్నీ సెల్ఫ్ హోస్టింగ్‌కి మార్చేశాను. బ్లాగు నడిపే వర్డ్‌ప్రెస్ ఎక్కించాను, పోస్టులన్నీ వచ్చేశాయి, డొమైన్ (సైటు పేరు) కొన్నాను. వంటలకొకటి, కథలకొకటి, అరకు, లంబసింగి తిరుగుళ్లకొకటి, మొత్తం మూడు సబ్‌డొమైన్లు (ఆ పేరుకి ముందు తగిలించే ఉప పేర్లు) పెట్టి, ఈ పేరుకి ఈ నంబరు అని చెప్పే 'ఏ' (A) రికార్డులు మూడింటికీ రాశాను. నా ఫోన్లో, లాప్‌టాప్‌లో శుభ్రంగా తెరుచుకుంటున్నాయి. గాజువాకలో మా పిన్నికి మాత్రం అలా తిరుగుతూనే ఉందిట. డీఎన్‌ఎస్ (పేరుని నంబరుగా మార్చే పట్టిక) మార్పు అంతటా పాకడానికి 48 గంటలు పడుతుందని ఎక్కడో చదివాను. నిజంగా అంత ఆగాలా?

పోర్టు 443 (11:51)
హోస్టింగ్ ఎక్కడ?

పాత బ్లాగరు (11:58)
అది అటుంచండి, పోస్టుల లంకెలు చూసుకున్నారా? బ్లాగర్‌లో తెలుగు శీర్షిక పెడితే లంకెలో తెలుగంతా ఎగిరిపోయి బ్లాగ్-పోస్ట్, పక్కన ఓ అంకె మిగిలేవి. వర్డ్‌ప్రెస్ తెలుగుని ఉంచుతుంది గానీ ఒక్కో అక్షరాన్ని శాతం గుర్తులతో 9 గుర్తులుగా రాస్తుంది. గుణింతం, పొల్లు కూడా దాని లెక్కలో విడి అక్షరాలే. డేటాబేస్‌లో ఆ గడికి చోటు 200 గుర్తులే. 'గోంగూర పచ్చడి చేసే పద్ధతి' అని పెట్టి చూడండి, 201 అవుతుంది. చివరి గుడి తెగిపోయి 'పద్ధత' మిగులుతుంది. ఇది నేను ఎన్నేళ్లుగా మొత్తుకుంటున్నానో!

ఉప్పుగాలి (రాత్రి 12:04)
అయ్యా, నా పద్ధతి తర్వాత తెగుతుంది. ముందు పేజీ రావాలి కదా. హోస్టింగ్ ఎక్కడంటే ఏం చెప్పాలండీ, సెల్ఫ్ అన్నాను కదా. మా ఇంట్లోనే, ఎంవీపీ కాలనీలో. పాత లాప్‌టాప్‌లో ఉబుంటు వేసి బీరువా మీద పెట్టాను.

కంచరపాలెం మెట్టు (12:07)
ఆ ముక్క ముందు చెప్పాలి కదండీ! సెల్ఫ్ హోస్టింగ్ అంటే అద్దె సర్వర్లో చోటు తీసుకుని వర్డ్‌ప్రెస్ మనమే నడుపుకోవడం. ఇంట్లో పెట్టుకుంటే అది హోమ్ సర్వర్.

పాత బ్లాగరు (12:10)
ఎవరన్నారు? అద్దెకు తీసుకుంటే అది సెల్ఫ్ ఎలా అవుతుంది?

కంచరపాలెం మెట్టు (12:11)
అద్దింట్లో వండుకున్నా స్వయంపాకమే కదండీ.

పోర్టు 443 (12:12)
'ఏ' రికార్డులో రాసిన నంబరు చెప్పండి.

ఉప్పుగాలి (12:14)
192.168.1.14. లాప్‌టాప్ చూపించిందే రాశాను.

పోర్టు 443 (12:14)
ఇంటి లోపలి నంబరది. బయట చెల్లదు.

సీతమ్మధార అక్క (12:19)
కవరు మీద 'ఫ్లాట్ నంబరు 302' అని మాత్రమే రాసి డబ్బాలో వేశావు తమ్ముడూ. మీ అపార్ట్‌మెంట్‌లో వాళ్లకి తెలుస్తుంది. మీ పిన్ని ఫోను మాత్రం గాజువాకలో తన ఇంట్లోనే 302 వెతుక్కుంటోంది. 48 రోజులు ఆగినా రాదు. రౌటర్ పేజీలో వాన్ (WAN, అంటే బయటి నెట్) అని ఉన్న చోట నంబరు చూసి అది రాయి. వెబ్‌సైటు వాడే తలుపులు, అంటే 80, 443 పోర్టులు, లాప్‌టాప్‌కి మళ్లించు.

ఉప్పుగాలి (12:37)
మార్చాను అక్కా. 100.81తో మొదలైన నంబరు. పోర్టులూ మళ్లించాను. ఇప్పుడు నాకూ రావట్లేదు! ఏటండీ ఇది.

పోర్టు 443 (12:38)
100.64 నుంచి 100.127 దాకా సీజీ-నాట్. కుదరదు.

సీతమ్మధార అక్క (12:46)
అంటే నెట్ కంపెనీ చాలామందికి కలిపి బయటికి ఒకటే నంబరు ఇచ్చింది. వీధి మొత్తానికి ఒకటే గేటు, దాని తాళం వాళ్ల దగ్గరుంది. నీ రౌటర్లో ఎన్ని తలుపులు తీసినా లాభం లేదు. డబ్బు కట్టి స్టాటిక్ ఐపీ (నీ ఒక్కడికే, మారని బయటి నంబరు) అడుగు, లేదా క్లౌడ్‌ఫ్లేర్ అనే కంపెనీ టన్నెల్ పెట్టుకో. టన్నెల్‌లో నీ లాప్‌టాపే లోపలి నుంచి బయటికి దారి తీస్తుంది కాబట్టి పోర్టులు తెరిచే పనే ఉండదు. డొమైన్ నేమ్‌సర్వర్లు (నీ డీఎన్‌ఎస్ పట్టిక ఉండే చోటు) వాళ్లవి పెట్టి, పాత 'ఏ' రికార్డులు తీసేయి. https కి కావాల్సిన వాళ్ల ఉచిత సర్టిఫికెట్ ఒక మెట్టు సబ్‌డొమైన్ వరకే. వంటలు వరకు సరే, వంటల కింద మళ్లీ పచ్చళ్లు అని ఇంకో మెట్టు దిగకు.

కంచరపాలెం మెట్టు (12:52)
ఏం చేసినా బ్యాకప్ ఒకటి ఊరి బయట ఉంచుకోండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను కొట్టాక మా వీధికి కరెంటు రావడానికి ఎన్ని రోజులు పట్టిందో నాకు తెలుసు. పైగా ఈ సముద్రం గాలికి మా ఇంట్లో యూఎస్‌బీ మూతులకే చిలుము పట్టేసింది.

పోర్టు 443 (12:53)
అసలు సబ్‌డొమైన్లు దేనికి? ఒకే సైటు, మూడు కేటగిరీలు చాలు.

ఉప్పుగాలి (12:55)
కథలు చదివేవాళ్లకి పులుసు వాసన తగలకూడదని.

సీతమ్మధార అక్క (12:58)
అయితే మూడు వర్డ్‌ప్రెస్‌లు విడివిడిగా పెట్టకు, మల్టీసైట్ (ఒకే వర్డ్‌ప్రెస్‌లో చాలా సైట్లు) ఆన్ చేసుకో. అప్‌డేట్ ఒక్కసారి చేస్తే మూడింటికీ సరిపోతుంది. ఇక పడుకో.

ఉప్పుగాలి (మర్నాడు ఉదయం 8:10)
టన్నెల్ పెట్టాను. వంటలది పిన్నికి తెరుచుకుంది, పులిహోరలో ఉప్పు ఎక్కువ రాశావని ఫోన్ కూడా చేసింది. కథలది 404 (పేజీ దొరకలేదు) అంటోంది, ఆఫీసు నుంచి వచ్చాక చూస్తా. థాంక్సండీ.

పాత బ్లాగరు (9:25)
ఇంతకీ ఆ గుడి సంగతి ఏం చేశారు?