అప్‌డేట్: అమ్మమ్మ అడిగిన సీతమ్మ సీన్ దొరికింది

పోయిన నెల అడిగాను కదా, దూరదర్శన్ రామాయణంలో సీతమ్మ భూమిలోకి వెళ్ళిపోయే సీన్ అమ్మమ్మ మళ్ళీ చూడాలంటోంది, ఎపిసోడ్లన్నీ తిప్పేసినా కనబడట్లేదు, ఎక్కడుందీ అని. దొరికిందండి, అందరికీ చాలా థాంక్స్.

అసలది ఆ రామాయణంలో లేనే లేదు. 1987 జనవరిలో మొదలైన సీరియల్ 1988 జులైలో పట్టాభిషేకం తర్వాత ఆగిపోయింది, లవకుశుల కథని రామానంద్ సాగరే ఉత్తర రామాయణం అని విడిగా తీశారు, అందులో చివరి ఎపిసోడ్లలో చూడండి. ఈ మాట చెప్పిన అన్నయ్యకి దండం. కొందరు ఎన్టీఆర్ లవకుశ అన్నారు, అది కాదు, 2008లో వచ్చిన కొత్త రామాయణం కూడా కాదు. ఆ ఎపిసోడ్ తీసేశారేమో అని నేను అనుకున్నదీ తప్పే.

నిన్న నరసన్నపేట వెళ్ళి ఫోన్ టీవీకి కలిపి పెట్టాను. అమ్మమ్మకి హిందీ ఒక్క ముక్క రాదు, అప్పుడు వీధి వీధంతా ఒక్క టీవీ ముందు కూర్చుని చూసినప్పుడూ రాదు. నేల చీలగానే చెంగు నోటికి అడ్డం పెట్టుకుని "పిల్లలున్నారే తల్లీ, ఎల్లిపోకే" అంది, నాకూ ఆగలేదు కన్నీళ్ళు. అయిపోయాక చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత మళ్ళీ ఒకసారి పెట్టమంది.