సమస్య: తాతగారి యురియె దండ యయ్యె

నిర్వాహకుడు: అటక దులుపుతుంటే తట్టిన పాదం. ఇదే చివరి పాదంగా పద్యం అల్లాలి. వేటసామాను మీద మమకారం ఉన్నవాళ్లూ లేనివాళ్లూ పూరించొచ్చు. ఉరి అంటే వేటగాడి ఉచ్చు కూడా, ఉరి అనగానే మనిషిని దూలానికి వేలాడదీయకండి. పాదంలో ఒక్క అక్షరం మారకూడదు.

గురులఘువు:
గోడ మీద తాత కొలువైన పటమున
పూలు వాడు ననుచు పుత్రుడెంచి
యటక మీది దాని నచటనె తగిలింప
తాతగారి యురియె దండ యయ్యె

అరసున్న: పటం కొలువుండటం బాగుంది. పుత్రుడెవరండీ? తాతకు కొడుకంటే మీకు నాన్నగారే కదా. 'పూ'కు యతిగా, అంటే పాదం మధ్యలో జోడక్షరంగా, 'పు' దొరకాలని కన్నతండ్రిని పుత్రుణ్ణి చేసేశారు.

గురులఘువు: తాతగారి వైపు నుంచి చూడండి. పటంలోంచి చూస్తున్నది ఆయన.

అరసున్న: ఆయన తనను తానే తాతగారు అనుకుంటారా?

తోకచుక్క:
కరవు వచ్చి పంట కాటికేగిన వేళ
నూరిలోన నెవడు నుప్పు నిడక
యడవి పిట్ట చిక్కి యాకలి దీర్చగ
తాతగారి యురియె దండ యయ్యె

ఇక్కడ దండ పూలది కాదు, అండదండల్లోని దండ.

నిర్వాహకుడు: ఆహా! ఆ దండ నాకు తట్టనే లేదు. ఒక్కటే చిక్కు. 'దీర్చగ' ద్రుతాంతం, అంటే చివర 'న్' దాగి ఉన్న మాట. చిన్నయసూరి వ్యాకరణం లెక్కన దాని తర్వాతి పరుషం 'త' సరళం 'ద' అయి 'దాతగారి' కావాలి. అక్షరం మారకూడదన్న నా షరతు నాకే అడ్డొచ్చింది.

తోకచుక్క: కానివ్వండి. కరవులో పిట్టను పట్టి ఇంటిల్లిపాదికీ పెట్టినవాడు దాత కాక మరేమిటి? యతికీ ఢోకా లేదు, 'దా'కు 'దం'.

అరసున్న: ఈ వారం పూరణంటే ఇదే. తెలిసి చేశారా, తగిలిందా అన్నది అడగను.

గురులఘువు: నా 'తగిలింప' కూడా ద్రుతాంతమే. మా తాత మాత్రం దాత కాలేదేం?

అరసున్న: ఆ లెక్కన మీ 'పటమున' తర్వాత పూలు 'బూలు' కావాలి. చూసీ చూడనట్టు ఊరుకున్నాం.

గురులఘువు: పోయినసారి 'వేట మానినతడె వేటగాడు' అని ఇస్తే, తిన్నడు వేట మాని శివుణ్ణి పట్టాడని పూరించినవారు ఎవరో? తిన్నడు ఎక్కడ మానాడండీ వేట? రోజూ స్వామికి పెట్టింది వేటమాంసమేగా!

అరసున్న: కన్ను పెకలించుకునేటప్పుడు వేటాడుతున్నాడా?

గురులఘువు: బాణమొనతోనే పెకలించుకున్నాడని చెప్పుకుంటారు. సామాను చేతిలోనే ఉంది.

నిర్వాహకుడు: తిన్నడి తగువు అక్కడే ముగించాం. మళ్లీ తవ్వకండి.

పాతపెట్టె:
ఉరిని జిక్కు లేడి నూడదీసిన యవ్వ
మెడను జూచి తాత మెచ్చుకొనియె
పుస్తె కొనగ లేక దానినే వేసెను
తాతగారి యురియె దండ యయ్యె

అరసున్న: మూడో పాదంలో 'పు'కు 'దా'తో యతి ఏ శాస్త్రం? 'తాళి' అంటే హాయిగా కుదిరేది. పెళ్లంటే ఉరి అన్న పాత పరాచికాన్ని ప్రేమకథ చేశారు, అందుకు మాత్రం నమస్కారం.

పాతపెట్టె: మా అవ్వ నోట పుస్తె తప్ప తాళి రాలేదండీ. సరే, తాళే అనుకోండి.

నిర్వాహకుడు: 'వేసెను' కూడా ద్రుతాంతమే. ఈ వారం తాతలందరూ దాతలే.

పాతపెట్టె: లేడి నా కల్పన. ఉరి మాత్రం నిజంగానే ఉంది, కౌజుపిట్టలది. పొడుగాటి తాడు, దానికి జానెడుకొకటిగా గుర్రపుతోక వెంట్రుకలు పేనిన జారుముళ్లు. పిట్ట తల దూర్చి ముందుకు నడిస్తే బిగుస్తుంది. కొసన కర్రగూటం. తాత బొటనవేలు పడిన చోట పల్లమై, నూనె రాసినట్టు మెరుస్తుంది. మిగతా అంతా గరుకే.

తోకచుక్క: ఫొటో పెట్టండి. ఆ జారుముడి విప్పి, ఎలా వేశారో వరసగా చూపిస్తే ఇంకా మేలు.

పాతపెట్టె: ఫొటో పెడతాను. విప్పను. మళ్లీ వేయడం మా ఇంట్లో ఎవరికీ రాదు.

అరసున్న: విప్పకండి.

గురులఘువు: మొదటిసారి ఈయన మాటతో ఏకీభవిస్తున్నాను.

అరసున్న: పుత్రుడి సంగతి ఇంకా తేలలేదు.