ప్రత్యేక విద్యలో పీహెచ్‌డీ: పిల్లలకు మేలా, పేరుకు ముందు ‘డాక్టర్’ కోసమా?

పెందుర్తి ఉపాధ్యాయిని:
ప్రత్యేక అవసరాలు గల పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రంలో ఐఈఆర్టీగా, అంటే ఆ పిల్లలకు చదువు చెప్పే ఉపాధ్యాయినిగా, కాంట్రాక్టు మీద పనిచేస్తున్నాను. మేధో వైకల్య విభాగంలో బి.ఎడ్., ఎం.ఎడ్. పూర్తయ్యాయి. ఉద్యోగం వదలకుండా పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ చేయాలని ఉంది. “మన పనికి డాక్టరేట్ దేనికమ్మా, డీఎస్సీకి చదువుకో” అంటున్నారు తోటివాళ్లు. విశాఖలో ఈ రంగంలో ఉన్నవారు ఏమంటారు?

గాజువాక మాస్టారు:
వాళ్లు చెప్పిందే సబబు మేడమ్. ప్రత్యేక అవసరాలు గల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో పదిమందికి ఒకరు, ఆపై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులు ఉండాలని, సుప్రీంకోర్టు 2021 తీర్పు తరువాత, కేంద్రం 2022లోనే చెప్పింది. 2025లో మన రాష్ట్రం 2,260 పోస్టులు మంజూరు చేసింది. వాటికి కావలసింది ప్రత్యేక విద్యలో డిప్లొమానో బి.ఎడో, భారత పునరావాస మండలిలో నమోదూ. డాక్టరేట్ ఊసే లేదు. బడుల్లో మనుషులు చాలక అల్లాడుతుంటే, ఉన్నవాళ్లు కూడా లైబ్రరీల్లో కూర్చుంటే ఎలా?

సీతమ్మధార తల్లి:
మా బాబుకు ఆటిజం. థెరపీ గది బయట బెంచీ మీద కూర్చుని ఉంటే పరిశోధక విద్యార్థులు ప్రశ్నావళి చేతిలో పెడతారు. “మీ ఒత్తిడి ఒకటి నుంచి ఐదులో ఎంత?” అని ఉంటుంది. లోపల వాడు ఏడుస్తుంటే నేను బయట టిక్కులు పెట్టాలి. ఆ తరువాత ఏం తేలిందో వచ్చి చెప్పినవారు ఇంతవరకు ఒక్కరూ లేరు.

ఎంవీపీ కాలనీ అధ్యాపకుడు:
అమ్మా, మీ కోపం న్యాయమైనదే. “ఉపాధ్యాయుల వైఖరి: ఒక పరిశీలన” తరహా సిద్ధాంత గ్రంథాలు చాలా తిరగేశాను. జిల్లా పేరు మారిస్తే ఇంకొకటి తయారవుతుంది. అలాంటిదే రాసేటట్టయితే పెందుర్తి మేడమ్ మానుకోవడమే మంచిది.

అయితే మాస్టారూ, ఒక్క సంగతి ఆలోచించండి. మూడో తరగతి పిల్లవాడు ‘అమ్మ’ను ‘అమ’ అని చదువుతాడు. ‘ప’ను ‘వ’ అంటాడు. గుణింతం దాకా బాగానే వచ్చి ఒత్తు దగ్గర ఆగిపోతాడు. ఇది బోధనలో లోపమా, అభ్యసన వైకల్యమా? ఇంగ్లిష్ చదువు కోసం పుట్టిన పరీక్షలు విడి అక్షరాలను చూస్తాయి. మన లిపిలో హల్లు, గుణింతం, ఒత్తు ఒకే చోట పెనవేసుకుని ఉంటాయి కనుక పిల్లవాడు ఎక్కడ జారుతున్నాడో వేరే విధంగా వెతకాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఒకటి. ధ్రువపత్రం ఇవ్వాలంటే ముందు సరిగ్గా కొలవాలి కదా! ఆ కొలత తెలుగు పిల్లలకు నప్పుతుందో లేదో ఏళ్ల తరబడి చూడటానికి ఓపిక కావాలి, పద్ధతి తెలియాలి. ఆ తర్ఫీదు పీహెచ్‌డీలోనే దొరుకుతుంది. పైగా ఆ 2,260 మందికి పాఠం చెప్పే కళాశాలల్లో ఎవరు ఉండాలంటారు?

గాజువాక మాస్టారు:
కొలత సంగతి ఒప్పుకుంటాను. కానీ అది భాషావేత్త, మనస్తత్వవేత్త, వైద్యుడు కలిసి, సంస్థ డబ్బుతో చేయవలసిన పని. కాంట్రాక్టు ఉపాధ్యాయిని ఆదివారాలు ధారపోసి చేయగలిగేదేనా?

మధురవాడ పరిశోధకురాలు:
పని మాటలు నాలుగు చెబుతాను. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు పడుతుంది, సాధారణంగా ఆరేళ్లకు మించకూడదు. పార్ట్‌టైమ్‌కు పనిచేసే చోటి నుంచి అనుమతి పత్రం తప్పనిసరి, కోర్సు వర్క్ కోసం అవసరమైతే విధుల నుంచి విడుదల చేస్తామని కూడా అందులో రాయాలి. ప్రొఫెసర్ ఒకేసారి ఎనిమిది మంది పీహెచ్‌డీ విద్యార్థులకు మించి తీసుకోకూడదు కనుక ముందు గైడ్‌ను చూసుకోండి. విద్యా విభాగంలో చేరితే గైడ్‌కు ఈ రంగం తెలియకపోవచ్చు. అప్పుడు మీరే ఆయనకు పాఠం చెబుతూ కాలం గడపాలి.

పెందుర్తి ఉపాధ్యాయిని:
డీఎస్సీకి ఎలాగూ చదువుతాను మాస్టారూ. నా మనసులో ఉన్న అంశం ఇది: బడికి రాలేని పిల్లల ఇళ్లకు వెళ్లి చదువు చెబుతాం. మేం వెళ్లిన ఆ కాసేపట్లో నేర్పింది, మిగతా రోజుల్లో తల్లి కొనసాగించగలుగుతోందా? కాంట్రాక్టు వాళ్లకు అనుమతి పత్రం ఎవరు ఇస్తారు?

మధురవాడ పరిశోధకురాలు:
జిల్లా సమగ్ర శిక్ష కార్యాలయంలో రాతపూర్వకంగా అడగండి. నోటిమాట మీద ఫీజు మాత్రం కట్టకండి.