టెక్సాస్‌లో అడవిపందుల వేటకు రమ్మంటున్నారు, హెచ్1బీ మీద ఉన్నవాళ్లు వెళ్లొచ్చా?

ప్రశ్న, డాలస్ నుంచి

అందరికీ నమస్కారం. హెచ్1బీ మీద డాలస్ వచ్చాను, ఇంకా ఆరు నెలలు కాలేదు. మా టీమ్ వాళ్లు వచ్చే శనివారం ఒక రాంచ్‌కి అడవిపందుల వేటకు వెళ్తూ నన్నూ రమ్మన్నారు. రైఫిల్ వాళ్లే ఇస్తారట. "పందులకి లైసెన్స్ అక్కర్లేదు, మంచి బూట్లు తెచ్చుకో చాలు" అన్నారు. నేను తుపాకీ ముట్టుకుని ఎరగను. వెళ్లాలని ఉంది, వీసాకి ఏమైనా అవుతుందేమోనని టెన్షన్‌గానూ ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు, ప్లేనో నుంచి

వెళ్లు తమ్ముడూ. కానీ "లైసెన్స్ అక్కర్లేదు" అన్న మాట వాళ్లకు చెల్లుతుంది, నీకు చెల్లదు.

వాళ్లు అబద్ధమేమీ చెప్పలేదు. 2019 సెప్టెంబర్ 1 నుంచి టెక్సాస్‌లో ప్రైవేటు భూమిలో, యజమాని అనుమతితో అడవిపందిని వేటాడడానికి హంటింగ్ లైసెన్స్ అవసరం లేదు. సీజన్ లేదు, ఇన్నే కొట్టాలన్న లెక్క లేదు, రాత్రిపూట కూడా కొట్టొచ్చు. అదంతా రాష్ట్ర చట్టం. నీకు అడ్డొచ్చేది ఫెడరల్ చట్టం.

హెచ్1బీ, హెచ్4, ఎఫ్1, ఎల్1, బీ2, ఏదైనా సరే, నాన్‌ఇమ్మిగ్రెంట్ వీసా, అంటే తాత్కాలిక వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. ఫెడరల్ చట్టాల సంపుటిలో 18వ టైటిల్‌లోని 922(జి)(5) సెక్షన్ అది. దగ్గర ఉంచుకోవడమంటే కొనడమొక్కటే అనుకోకు. ఫ్రెండ్ రైఫిల్ కాసేపు చేతిలోకి తీసుకున్నా, నీ కారు డిక్కీలో పెట్టుకున్నా అందులోకే వస్తుంది. 2022లో ఈ నేరానికి గరిష్ఠ శిక్షను పదిహేనేళ్లకు పెంచారు. అంతదాకా వెళ్లకపోయినా, తుపాకీ కేసు రుజువైతే దేశం నుంచి పంపించెయ్యడానికి అదే కారణమవుతుంది.

ఇదే చట్టంలో ఒక మినహాయింపు ఉంది. అమెరికాలో ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ నీ దగ్గరుంటే ఈ నిషేధం నీకు వర్తించదు. అంటే పందికి అక్కర్లేని లైసెన్స్ రైఫిల్ పట్టుకోవడానికి నీకు కావాలన్నమాట. నీ అమెరికన్ ఫ్రెండ్స్‌కి ఈ సంగతి తెలియకపోవడంలో వింతేం లేదు, వాళ్లకెప్పుడూ దీనితో పని పడదు. గ్రీన్ కార్డ్ వచ్చాక మనకీ పడదు.

ఆ లైసెన్స్ టెక్సాస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ అనే రాష్ట్ర ప్రభుత్వ శాఖ సైట్‌లో ఇంట్లో కూర్చునే కొనుక్కోవచ్చు. ఇక్కడివాళ్లకైతే ఇరవై అయిదు డాలర్లే, కానీ ఆ రేటుకి టెక్సాస్‌లో వరుసగా ఆరు నెలలకు పైగా ఉండాలి. నీకింకా నిండలేదు కాబట్టి నాన్‌రెసిడెంట్ లెక్కలోకి వస్తావు. ఏడాది లైసెన్స్ మూడు వందల పదిహేను డాలర్లు, అయిదు రోజులదైతే నలభై ఎనిమిది. కొనేముందు సైట్‌లో ఒకసారి రేటు చూసుకో. పందులకు ఆ అయిదు రోజులదే సరిపోతుంది. కానీ గుర్తుపెట్టుకో, ఆరో రోజు నీ దగ్గర లైసెన్స్ లేనట్టే. ఆ రోజు రైఫిల్ ఇంకా నీ అపార్ట్‌మెంట్‌లో ఉంటే కథ మళ్లీ మొదటికి వస్తుంది. ఏడాది లైసెన్స్ కూడా కొన్న రోజు నుంచి ఏడాది కాదు, ఆగస్టు 31తో అయిపోతుంది. జూలైలో కొనేవాళ్లు చూసుకోవాలి.

జవాబు, ఇర్వింగ్ నుంచి

అన్నా, మరీ ఇంత భయపెట్టాలా? మేం ఎఫ్1లో ఉన్నప్పటి నుంచీ షూటింగ్ రేంజ్‌కి వెళ్తున్నాం. ఐడీ చూస్తారు, సంతకం పెట్టించుకుంటారు, అంతే. ఎవ్వరూ వీసా అడగలేదు.

జవాబు, ప్లేనో నుంచి

వాళ్లు అడగకపోవడం వేరు, చట్టం ఒప్పుకోవడం వేరు. ఆ సంతకం పెట్టిన కాగితంలో ఏముందో ఈసారి చదవండి. పైగా మనవాళ్లు రైఫిల్ పట్టుకుని ఫొటో దిగి, గంటలోపే ఇన్‌స్టాగ్రామ్‌లో పెడతారు. తేదీతో సహా సాక్ష్యం మన చేత్తో మనమే ఇస్తున్నట్టు. నలభై ఎనిమిది డాలర్ల దగ్గర పిసినారితనం చేసి గ్రీన్ కార్డ్ లైన్‌ని పణంగా పెట్టడం నాకైతే అర్థం కాదు.

జవాబు, రౌండ్ రాక్ నుంచి

చట్టం సంగతి ప్లేనో అన్న చెప్పేశారు, నేను వేట సంగతి చెబుతాను.

ముందు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చెయ్యి. పదిహేడేళ్లు దాటినవాళ్లు పూర్తిగా ఆన్‌లైన్‌లోనే చెయ్యొచ్చు. తుపాకీ ముట్టుకోలేదన్నావు కాబట్టి నీకు తప్పనిసరి అనే అంటాను. గొట్టం ఎప్పుడూ మనుషుల వైపు ఉండకూడదు, కాల్చే క్షణం వరకూ వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు, కంచె దాటేముందు తూటాలు తీసెయ్యాలి. ఇవి చదివితే చాలవు, చేతికి అలవాటవ్వాలి. ఆ ఫ్రెండ్స్‌లో ఎవరైనా బీర్ తాగుతూ రైఫిల్ పట్టుకుంటే మొహమాటపడకుండా కారెక్కి వచ్చెయ్.

టెక్సాస్‌లో 254 కౌంటీలుంటే 253లో ఈ పందులున్నాయి. స్పెయిన్ వాళ్లు తెచ్చిన పెంపుడు పందులు కొన్ని అడవిలో పడ్డాయి. తర్వాత 1930ల్లో వేట సరదా కోసం యూరప్ అడవిపందుల్ని తెచ్చి వదిలారు, రెండూ కలిసిపోయాయి. ఒక్క రాత్రిలో మొక్కజొన్న చేను దున్నేసినట్టు చేస్తాయి కాబట్టి రైతులకు వీటి మీద జాలి లేదు. హెలికాప్టర్‌లోంచి కాల్చడానికి కూడా 2011లో చట్టం చేశారంటే చూసుకో.

రాంచ్‌లో చాలావరకు బ్లైండ్‌లో, అంటే జంతువులకు కనబడకుండా దాక్కునే చిన్న గుడిసెలాంటి దానిలో కూర్చోబెడతారు. ఎదురుగా మొక్కజొన్న చల్లే ఫీడర్ ఉంటుంది. టైమర్ ప్రకారం అది గిర్రున తిరిగి గింజలు విసురుతుంది, ఆ చప్పుడికి అలవాటుపడిన పందులు పొద్దుగూకే వేళకి వస్తాయి. అసలు వస్తున్నాయో లేదో పగలే తెలిసిపోతుంది. దారిలో కరెంటు స్తంభాల మొదళ్లు చూడు. మోకాలి ఎత్తు దాకా ఎండిన బురద పట్టి, అందులో ముతక వెంట్రుకలు ఇరుక్కుని ఉంటాయి. బురదలో పొర్లి వచ్చి ఒళ్లు రుద్దుకున్న గుర్తు అది. బురద ఇంకా తడిగా ఉంటే రాత్రి వచ్చి వెళ్లాయన్నమాట.

పందికి చూపు అంతంతమాత్రం, ముక్కు మాత్రం మహా పదును. నువ్వు చొక్కా ఏ రంగుది వేసుకున్నావన్నది దానికి పట్టదు. గాలి నీ మీదుగా ఫీడర్ వైపు వీస్తుంటే ఆ సాయంత్రం ఇక వదులుకోవడమే. డియోడరెంట్, సెంట్ ఇంట్లో పెట్టి రా.

మొదట పిల్లలు పరుగున వస్తాయి, వెనక ఆడపందులు, మగది అన్నిటికంటే ఆలస్యంగా, పొద చాటున ఆగి ఆగి వస్తుంది. తొందరపడకు. పంది పక్కకు తిరిగి నిలబడాలి, దాని వెనక ఇంకో పంది ఉండకూడదు. గుండె మనం అనుకునే దానికంటే కిందకి, ముందుకి ఉంటుంది, దాదాపు ముందుకాలి వెనకే. పొట్ట మధ్యలో కొడితే పారిపోయి ఎక్కడో చస్తుంది, అది పాపం. పెద్ద మగపందికి జబ్బల మీద గట్టి కవచంలాంటి పొర ఉంటుంది, చిన్న తూటాకి లొంగదు. దెబ్బ తగిలిన పంది పొదలోకి దూరితే చీకట్లో దాని వెంటపడకు. కాసేపు ఆగండి, గైడ్ ముందు నడవాలి, నువ్వు వెనక.

రాత్రి థర్మల్ స్కోప్ ఇస్తే ఒక్కటే జాగ్రత్త. అందులో వేడిగా ఉన్నదల్లా తెల్లగా మెరుస్తుంది. దూరాన పడుకున్న ఆవుదూడ, పంది ఒకేలా కనిపిస్తాయి. నడక చూసేదాకా, గైడ్ సరేననేదాకా కాల్చకు. దూడని కొడితే డబ్బు కట్టాలి, ఆ రాంచ్‌కి మళ్లీ రానివ్వరు.

గుంపులోంచి తప్పిపోయి పక్క భూమిలోకి వెళ్లకు. చెట్ల మీద, కంచె గుంజల మీద ఊదా రంగు గీతలుంటే టెక్సాస్ చట్టంలో అది "లోపలికి రావద్దు" బోర్డుతో సమానం. తుపాకీతో అడుగుపెడితే కేసు ఇంకా పెద్దదవుతుంది.

జవాబు, హ్యూస్టన్ నుంచి

నేను డాక్టర్ని తమ్ముడూ. కాల్చడం గురించి అందరూ చెబుతారు, కోసేటప్పటి సంగతి చెప్పరు.

అడవిపందుల్లో బ్రూసెల్లోసిస్ అనే బ్యాక్టీరియా జబ్బు ఉంటుంది. రక్తం, పేగుల ద్రవం చేతి మీద చిన్న గాటులోంచి లోపలికి పోయినా, కంట్లో పడినా చాలు, మనకు అంటుకుంటుంది. రబ్బరు గ్లోవ్స్, కళ్లద్దాలు లేకుండా కళేబరాన్ని ముట్టుకోవద్దు. గ్లోవ్స్ చిరిగితే వెంటనే మార్చు. జ్వరం ఆ వారంలోనే రావాలని లేదు, కొన్ని వారాల తర్వాత, ఒక్కోసారి నెలల తర్వాత రావచ్చు. రాత్రుళ్లు చెమటలు, కీళ్ల నొప్పులు, వచ్చి పోయే జ్వరం ఉంటే డాక్టర్‌తో "అడవిపందిని కోశాను" అని నువ్వే చెప్పు. నువ్వు చెప్పకపోతే ఫ్లూ అనుకుంటారు.

మాంసాన్ని ఫ్రీజర్‌లో పెట్టినంత మాత్రాన ఆ క్రిమి చావదు. లోపల 160 డిగ్రీల ఫారెన్‌హీట్ వచ్చేదాకా ఉడకాలి, కళ్లతో చూసి కాదు, థర్మామీటర్ గుచ్చి చూడాలి. కొవ్వు నీలంగా కనిపిస్తే ఆ పందిని తినొద్దు, విషపు ఎర తిన్నదని గుర్తు. ఎరలో ఆ రంగు కావాలనే కలుపుతారు. కుక్క ఉన్నవాళ్లు పచ్చి ముక్క దానికి వెయ్యొద్దు. సూడోరేబీస్ అని పందులకుండే వైరస్ మనుషులను సాధారణంగా ఏమీ చెయ్యదు గానీ కుక్క ప్రాణం తీస్తుంది.

ప్రశ్న, డాలస్ నుంచి

అక్కా, అన్నలూ, చాలా థాంక్స్. ఈసారికి రైఫిల్ ముట్టుకోకుండా చూడటానికే వెళ్తాను. కోర్సు చేశాక లైసెన్స్ తీసుకుంటాను. ఒక ఫ్రెండ్ క్రాస్‌బో (ట్రిగ్గర్ నొక్కితే బాణం వదిలే విల్లు) ఇస్తానంటున్నాడు, అదైనా పర్వాలేదా?

జవాబు, ప్లేనో నుంచి

ఫెడరల్ చట్టంలో క్రాస్‌బో తుపాకీ కిందికి రాదు, టెక్సాస్‌లో పందుల మీద వాడొచ్చు కూడా. వీసా పరంగా ఇబ్బంది లేదు. కానీ మొదటిసారే దాంతో పందిని కొట్టాలనుకోకు, చాలా దగ్గరికి రావాలి, బాణం అంగుళం తప్పినా అది నరకయాతన పడుతుంది. బైనాక్యులర్స్ పట్టుకుని గైడ్ పక్కన కూర్చో, ఆ సాయంత్రం చాలా నేర్చుకుంటావు.

ఇంకొకటి, కార్లు ఎవరివన్నది ఇప్పుడే తేల్చుకోండి. రైఫిళ్లు, తూటాల పెట్టెలు అన్నీ వాళ్ల ట్రక్‌లోనే రావాలి, ఒక్క గంట ప్రయాణమైనా సరే నీ కారులో పెట్టనివ్వకు. నీ కారులో ఐస్ కూలర్లు పెట్టుకో. ఈ ఎండకి మాంసం ఊరికే చెడిపోతుంది, వాళ్లు తెచ్చే ఐస్ ఎప్పుడూ చాలదు.