నాన్న షుగర్ అలారం నా ఫోన్‌లో మోగుతోంది. ఉంచాలా, తీసేయాలా?

గోదారిపిల్ల:

నాన్నకి 71. షుగర్ వచ్చి పందొమ్మిదేళ్లయింది. తణుకు దగ్గర మా ఊళ్లో అమ్మా నాన్నా ఇద్దరే ఉంటారు, నేను డాలస్‌లో. సంక్రాంతికి వెళ్లినప్పుడు డాక్టరు గారిని అడిగి జబ్బకి అతికించే సెన్సర్ పెట్టించాను. రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్దది, ఒకసారి పెడితే 14 రోజులు. షుగర్ అంకెలు నాన్న ఫోన్‌కి వెళ్తాయి, అక్కడి నుంచి నెట్‌లో నా ఫోన్‌కి వస్తాయి. 70 కంటే తగ్గితే రెండు ఫోన్లూ మోగుతాయి.

మొన్న మంగళవారం మీటింగ్‌లో ఉండగా మోగింది. ఇక్కడ మధ్యాహ్నం రెండున్నర, అక్కడ రాత్రి రెండు. 58 చూపిస్తోంది, బాణం కిందికి. నాన్న ఫోన్ ఎత్తలేదు. అమ్మ ఫోన్ రాత్రిళ్లు వంటింట్లో ఛార్జింగ్‌లో ఉంటుంది. ఇక ఎదురింటి బాబాయిని లేపాను. ఆయన లుంగీ మీదే వచ్చి తలుపు బాదితే అమ్మ లేచి, కంగారులో నాలుగు చెంచాల పంచదార కలిపి నాన్న చేత తాగించింది. చెమటా లేదు, వణుకూ లేదు. "హాయిగా పడుకున్నవాణ్ణి లేపారు, నాకేమైంది" అని ఆయన ఒకటే కేకలు. అరగంట తర్వాత వేలికి గుచ్చి చూస్తే 212!

ఇది మూడోసారి. మూడుసార్లూ రాత్రి ఒంటిగంటకీ మూడింటికీ మధ్యే.

ఇంకో గొడవ కూడా ఉంది. ఓ సాయంత్రం 263కి లేచింది. ఫోన్ చేసి "ఏం తిన్నారు నాన్నా" అంటే "టీ" అన్నారు. వెనకాల నుంచి అమ్మ "రెండు పూతరేకులు" అంది. అప్పట్నుంచి ఆయన ఫోన్‌ని టీవీ దగ్గర పెట్టేసి కొబ్బరితోటకి వెళ్లిపోతున్నారు, నాకు ఫోన్‌లో షుగర్ గీత మధ్యలో తెగిపోయి కనిపిస్తోంది. "ఇక్కడ నేను ఏం నోట్లో వేసుకున్నా అమెరికాలో తెలిసిపోతుంటే ఇంక బతకడం ఎందుకు" అంటున్నారు. ఆ మాట ముల్లులా గుచ్చుకుంది.

ఆ 58 నిజమేనా? అలారం ఎంతకి పెట్టుకోవాలి? అసలు ఇదంతా తీసేయనా?

---

రాత్రిడ్యూటీ:

అక్కా, నేను విజయవాడలో షుగర్ ఓపీలో నర్సుని, పదకొండేళ్లుగా ఇదే పని. ముందు ఒకటి చెప్పండి, సెన్సర్ ఏ చేతికి ఉంది, నాన్నగారు ఏ పక్కకి తిరిగి పడుకుంటారు?

ఎందుకంటే, అది రక్తాన్ని చూడదు. చర్మం కింద కణాల మధ్య ఉండే నీటిలో షుగర్‌ని చూస్తుంది. ఆ చేతి మీద బరువేసి పడుకుంటే అక్కడ ఒత్తుకుపోయి, షుగర్ బాగానే ఉన్నా తక్కువ చూపిస్తుంది. మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఇది తరచూ చూస్తాను. గ్రాఫ్ తీసి ఆ రాత్రి గీత చూడండి. బాగానే ఉన్నది ఒక్కసారిగా గోతిలో పడ్డట్టు దిగి, పక్కకి తిరగ్గానే అంతే నిలువుగా లేస్తే అనుమానించాల్సింది చేతినే. నిజంగా తగ్గేటప్పుడు సాధారణంగా జారుడుబండలా దిగుతుంది.

అలాగని ప్రతిదీ అబద్ధమని వదిలేయకండి. మాత్రల్లో గ్లిమిపిరైడ్ అనే మందు ఉంటే రాత్రి షుగర్ నిజంగానే పడిపోవచ్చు. మోగితే లేపండి, వేలికి గుచ్చి చూడండి. చూసే వీలు లేకపోతే, లేదా చెమట, వణుకు, తికమక మాటలు ఉంటే ముందు తీపి ఇచ్చేయండి. పావుగంట ఆగి మళ్లీ చూడాలి. సెన్సర్ రక్తం కంటే ఐదు నుంచి పదిహేను నిమిషాలు వెనకబడి ఉంటుంది, కాబట్టి ఆ రెండోసారి కూడా వేలినే నమ్మండి. తెలివిలో లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు, 108కి చేయండి.

ఇంకోటి, చాలామందికి తెలీనిది. మాత్రల అట్ట మీద వోగ్లిబోస్ అని ఉందేమో చూడండి. ఉంటే పంచదార పెద్దగా పనిచేయదు, ఎందుకంటే పంచదార విరిగి గ్లూకోజ్ కావడాన్నే ఆ మందు నెమ్మది చేస్తుంది. గ్లూకోజ్ పొడే ఇవ్వాలి, మూడు చెంచాలు.

నాన్నగారి ఫోన్‌లో 70 అలాగే ఉంచండి. మీ ఫోన్‌లో హద్దు విడిగా మార్చుకునే వీలుంటే, డాక్టరు గారికి చెప్పి 60కి దించుకోండి. వయసు మళ్లినవాళ్లకి షుగర్ 70 నుంచి 180 మధ్య రోజులో సగం ఉంటే చాలంటారు. కానీ 70 కింద మాత్రం ఒక్క శాతం కూడా దాటకూడదు, అంటే రోజుకి పావుగంట లోపే. 263కి అంత కంగారు పడి ఫోన్ చేయక్కర్లేదు, నామాట వినండి.

---

ఓరుగల్లు68:

తోటకు పోయినప్పుడు గీత తెగుడు మీ నాన్న అలకతోనే కాదు, మామూలుగా కూడా అయితది. సెన్సర్‌కు ఫోన్ ఇరవై అడుగుల లోపట ఉండాలె. ఇంకోటి, ఆండ్రాయిడ్ ఫోన్లల్ల బ్యాటరీ సేవర్ ఆన్ ఉంటే రాత్రిపూట ఆ యాప్‌ను అదే బంద్ చేస్తది. సెట్టింగ్స్‌ల ఆ ఒక్క యాప్‌కు మినహాయింపు ఇయ్యుండ్రి.

మా అమ్మకు స్మార్ట్‌ఫోన్ పట్టుకునుడే రాదు. పరకాల దిక్కు మా ఊళ్లె పల్లె దవాఖాన ఉన్నది. అక్కడి సిస్టర్ ట్యాబ్‌ల ఈ-సంజీవని తెరిచి డాక్టర్‌తోటి వీడియోల మాట్లాడిస్తది, బీపీ, షుగర్ తనే చూసి చెప్తది. మీ దిక్కు విలేజ్ హెల్త్ క్లినిక్ అంటరు గద, ఉప కేంద్రాలకెంచి ఈ-సంజీవని 2019 నవంబర్‌ల మొదలైంది మీ ఆంధ్రలనే. అమ్మకు డాక్టర్ మాట సగం సమజ్ కాదు, సిస్టర్ మళ్ల మన భాషల చెప్తది, "పెద్దమ్మా, తెల్ల గోలీ తిన్నంక ఏస్కో" అని. అర్ధరాత్రి పక్కింటాయనను లేపే బదులు, పగలు అసొంటి సిస్టర్‌ను ఒకరిని పరిచయం చేస్కోండ్రి. సెన్సర్ మార్చుడు, వేలికి గుచ్చి సరిపోల్చుడు తను చేస్తది.

---

పాతమాస్టారు:

అమ్మాయీ, నాకు 74, రాజమండ్రి. మీ నాన్నగారి పక్షాన నాలుగు మాటలు.

నాకూ మావాళ్లు ఇదే పెట్టారు. పిల్లలిద్దరూ బెంగళూరు నుంచి చూసేవారు. భోజనం అయిన గంటకల్లా ఫోన్ మోగేది. ముప్పై నాలుగేళ్లు పిల్లల పేపర్లు దిద్దినవాణ్ణి, నా కంచం వీళ్లు దిద్దడం మొదలెట్టారు. నేనూ ఫోన్ ఇంట్లో వదిలేసి షికారుకి పోయాను, దాచడమెందుకు.

ఓ రోజు మనవడు వచ్చి, ఫోన్ నా చేతికిచ్చి "తాతా, నువ్వే చూడు, మాకు చెప్పక్కర్లేదు" అన్నాడు. అప్పుడు ఆసక్తి పుట్టింది. నాకు ఇడ్లీ కంటే పెసరట్టుకే షుగర్ తక్కువ లేస్తోంది, ఇది నా ఒంటి సంగతి సుమా, అందరికీ అని కాదు. మధ్యాహ్నం తిన్నాక ఇరవై నిమిషాలు వరండాలో పచార్లు చేస్తే గీత వంగుతోంది. ఇవన్నీ పాత డైరీలో రాసుకుని డాక్టరు దగ్గరికి పట్టుకెళ్తున్నాను. పిల్లలతో ఒప్పందం ఏమిటంటే, పడిపోతే వాళ్లకి మోగుతుంది, పెరిగితే నాకు మాత్రమే.

ఇంతకీ ఆయన్ని ఎవరైనా అడిగారా?

---

గోదారిపిల్ల:

తొమ్మిది రోజులైంది, ఏం జరిగిందో చెప్పాలిగా.

రాత్రిడ్యూటీ గారూ, మీరు చెప్పిందే. సెన్సర్ ఎడమ జబ్బకి ఉంది. గాలి తగలాలని ఆయన ఫ్యాన్ వైపుకే తిరిగి పడుకుంటారు, అది ఎడమ పక్క. గ్రాఫ్ తీసి చూస్తే మూడు రాత్రులూ నూతిలో బొక్కెన వేసి తోడినట్టే ఉంది. పాత సెన్సర్ గడువు ఆదివారంతో అయిపోయింది, కొత్తది మా ఊరి క్లినిక్ సిస్టర్ కుడి చేతికి పెట్టింది. ఆ తర్వాత రాత్రి ఒక్కసారి కూడా మోగలేదు.

మాత్రల అట్ట ఫోటో వాట్సాప్‌లో తెప్పించుకున్నాను. మూడు మందులు కలిపిన మాత్ర, అందులో వోగ్లిబోస్ ఉంది, గ్లిమిపిరైడూ ఉంది! ఇన్నాళ్లూ మేం పంచదారే పోస్తున్నాం. ఇప్పుడు మంచం పక్కన గ్లూకోజ్ డబ్బా పెట్టించాను, అమ్మ ఫోన్ కూడా వంటింట్లోంచి పడగ్గదిలోకి వచ్చింది.

డాక్టరు గారితో వీడియోలో ఈసారి నేను కాక నాన్నే మాట్లాడారు, నేను పక్కన విన్నానంతే. మాత్ర అలాగే ఉంచారు, తిండి వేళ తప్పొద్దన్నారు. నా వైపు హద్దు 60కి దించుకోమన్నారు. ఆ తర్వాత మాస్టారు గారు అన్నట్టు ఆయన్నే అడిగాను. "పైకి పోతే నీకెందుకు, కిందికి పోతే చూసుకో" అన్నారు. పైఅలారం అక్కడే తీసేశాను.

మొన్న తోటలో కాయల దింపు ఉండి భోజనం ఆలస్యమైంది, 66కి దిగింది. ఫోన్ జేబులోనే ఉందట. గ్లూకోజ్ కలుపుకుని తాగి, ఇంటికొచ్చి అన్నం తిని, అప్పుడు నాకు వీడియో కాల్ చేశారు. ఇక్కడ తెల్లవారుజాము మూడు.

"నీ ఫోన్ మోగి ఉంటుంది, కంగారు పడతావని చేశాను. నేను ముందే చూసుకున్నానులే" అన్నారు.

"అవును నాన్నా, మోగింది" అన్నాను.

నాది 60కి దించాను కదా, మోగనే లేదు.